బోర్లించిన గ్లాసు

మా మరిది సరుకు ఓడలో వంటవాడు. రెండేళ్ళకోసారి ఇంటికి వస్తాడు. ఈసారి వచ్చినప్పుడు పెట్టెలో లుంగీల మధ్య చుట్టిన నాలుగు సీసాలు, ఒక డబ్బా ఆలివ్ నూనె, అగ్గిపెట్టెంత రేకు డబ్బాలో కుంకుమపువ్వు తెచ్చాడు. ఓడ మరమ్మతుకు స్పెయిన్ రేవులో మూడు నెలలు ఆగిపోయిందట. ఆ మూడు నెలలూ రేవు పక్కన ఒక ముసలామె హోటల్లో జీతం లేకుండా పనిచేసి వాళ్ళ వంట నేర్చుకున్నాడట.

"అన్నకు ముప్పై నిండతా ఉండాయి. నన్ను సదివించినోడికి నా సేతి వంట ఒక్కసారన్నా పెట్టొద్దా? ఆ దేశమోళ్ళు పండగ చేసుకునే మాదిరి పెడతా. ఒక్కో వంటకు ఒక్కో వైను," అన్నాడు.

అప్పుడే చెప్పాను. మేము మొక్కులో ఉన్నాం, మాంసం లేదు, గుడ్డు లేదు, ఆ సీసాలు అసలే లేవు అని.

మొక్కు పాపది. తొమ్మిదో నెలలో జ్వరం వచ్చి, ఒక సాయంత్రం నా ఒళ్ళోనే కళ్ళు తేలేసి బిగుసుకుపోయింది. తిరుపతిలో ఆసుపత్రికి తీసుకుపోయేలోపు రెండోసారి వచ్చింది. నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. జ్వరం ఎక్కువైతే పసిపిల్లలకు ఫిట్స్ వస్తాయని, అయిదారేళ్ళకు వాటంతటవే పోతాయని డాక్టరమ్మ చెప్పింది నాకు బాగానే అర్థమైంది. అర్థమైనంత మాత్రాన భయం పోలేదు. వార్డు బయట బెంచీ మీద మా ఆయనే ముందన్నారు. "పాప పుట్టువెంట్రుకలు కొండకిచ్చే దాకా నీసు ముట్టను, మందు ముట్టను." ఆ మాటే నేనూ అన్నాను. ఇంటికి రాగానే పసుపు గుడ్డలో రూపాయి కట్టి ముడుపు దేవుడి పటం వెనక పెట్టాను. మూడో ఏట తలనీలాలు ఇవ్వాలని అనుకున్నాం. ఆ తర్వాత పదిహేను నెలలు పాపకు ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు.

నాకు చిన్నప్పటి నుంచీ మాంసం మీద అంత మనసు లేదు. ఆయన అట్లా కాదు. ఆదివారం కూర లేకపోతే పళ్ళెం ముందు అలిగే మనిషి. అందుకే ఈ మొక్కులో నా వంతు తేలిక, ఆయన వంతు బరువు అనుకునేదాన్ని. పాలిచ్చే రోజుల్లో నాకు రక్తం తక్కువగా ఉందని, రోజూ ఒక గుడ్డు తినమని డాక్టరమ్మ అంటే, నేను నోరు తెరిచేలోపే ఆయన, "మొక్కుంది డాక్టర్, గుడ్డు కుదరదు," అన్నారు. ఆ మాటకు నాకెంత గర్వం కలిగిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మేముండేది తిరుపతిలో, ఆయన ఆఫీసు పాకాలలో. పొద్దున తిరుపతిలో ప్యాసింజరు రైలు ఎక్కి సాయంత్రానికి తిరిగి వస్తారు. హోటలు తిండి తింటే మొక్కు చెడుతుందని రోజూ నాలుగున్నరకు లేచి మూడు గిన్నెల క్యారియర్ కట్టేదాన్ని. సాయంత్రం ఆ క్యారియర్ కడిగి, తుడిచి, తళతళలాడుతూ వచ్చేది. ఇంట్లో తాను తాగిన గ్లాసు కూడా తీసి పక్కన పెట్టని మనిషి నా కష్టం చూసి గిన్నెలు కడిగి తెస్తున్నాడని మా అమ్మకు ఉత్తరంలో కూడా రాశాను.

మా మరిది నా షరతుకు ఒప్పుకున్నాడు. "నీ కోసం అన్నీ కాయగూరలతోనే చేస్తా వదినా. వైను తాగేవోళ్ళు తాగతారు, లేనోళ్ళు లేదు." విందు చిత్తూరులో మా అత్తమామల ఇంట్లో, ఆదివారం సాయంత్రం అని నిర్ణయమైంది. శనివారం తానే పాకాలలో దిగి, అన్న ఆఫీసు వాళ్ళలో పెద్ద గుమాస్తా గారిని పిలిచి వచ్చాడు. ఆయన, భార్య పోయిన మనిషి, రిటైరు కావడానికి ఏడాదో రెండేళ్ళో ఉంది. ఆ సంగతి విన్నప్పుడు మా ఆయన ముఖం మాడింది. "ఆయన్నెందుకు పిలిసినావురా?" అన్నారు. పై అధికారి ముందు సీసాలు పెట్టడం ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం నుంచే వంట. మా మరిది టమోటాలు, కీరకాయ, వెల్లుల్లి, నానబెట్టిన రొట్టె ముక్క కలిపి రోట్లో రుబ్బమన్నాడు. రుబ్బాక ఉడికించకుండా కుండలో పోసి, కుండను తడి ఇసుకలో పెట్టాడు. సీసాల్లో రెండింటిని చేదకు కట్టి బావిలోకి దించాడు. ఉర్లగడ్డలు వేయించి కారం టమోటా పులుసు పోశాడు. వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో బియ్యం, చిక్కుడు గింజలు, వంకాయ ముక్కలు వేసి, కుంకుమపువ్వు నానిన నీళ్ళు పోసి, గరిటె పెట్టకుండా ఉడికించాడు. మా అత్త మూడుసార్లు కలపబోయింది, మూడుసార్లూ చేయి పట్టుకున్నాడు.

"అడుగంటతా ఉండాది గదరా."

"అంటాలమ్మా. ఆ మాడే దానికోసమే ఆడ కొట్టుకుంటారు."

"మాడినన్నానికి కొట్టుకునేదానికి ఓడెక్కి అంత దూరం పోవాల్నా? మీ నాయన దినామూ ఈడే కొట్టుకుంటాడు."

దీపాలు పెట్టే వేళకు వసారాలో చాపలు పరిచాం. మామ, మా ఆయన, మరిది, పెద్ద గుమాస్తా గారు ఒక వరుసలో కూర్చున్నారు. నేనూ అత్తా ఎదురుగా కూర్చోవాలని మరిది పట్టుబట్టాడు. పాప నా ఒళ్ళో ఉంది. టీ అంగడి నుంచి తెచ్చిన గాజు గ్లాసులు అందరి ముందూ పెట్టాడు. మా ఆయన తన గ్లాసు తీసి ఆకు పక్కన బోర్లించారు.

"నాకొద్దప్పా. మొక్కుండాది," అన్నారు.

"ఒక్క గుక్క అన్నా. పుట్టినరోజు నీది."

"బిడ్డ కంటేనా?"

నేను పాప జుట్టు సర్దుతూ తల వంచుకున్నాను. నా కళ్ళలో నీళ్ళు వాళ్ళకు కనబడకూడదని.

ముందుగా చల్లటి టమోటా చారు, దానికి బావిలోంచి తీసిన తెల్ల వైను. మామ ఒక గుక్క చారు తాగి గిన్నె కింద పెట్టాడు.

"చారు ఆరిపోయినాది. కాచుకొని రాపో."

"అది అట్లే తాగాల నాయనా."

"జొరమొచ్చినోడికి కూడా ఎచ్చగా పోస్తారు గదరా. నేనేం పాపం చేసినా?"

మామకు చిత్తూరు బెల్లం మండీలో ముప్పై ఏళ్ళ అనుభవం. వైను తాగే ముందు వేలు ముంచి నాలుక కొసకు రాసుకొని, బెల్లం అచ్చు చూసినట్టు కళ్ళు మూసుకున్నాడు. "రంగుండాది. పాకం తప్పినాది," అన్నాడు. అయినా గ్లాసు ఖాళీ చేశాడు. ఉర్లగడ్డలకు గులాబీ రంగుది, పసుపు అన్నానికి ఎర్రది పోశాడు మరిది. ఏది దేనికెందుకో చెబుతున్నాడు. నూనె వంటకు నోరు కడిగేది, కారానికి చల్లార్చేది, అన్నానికి తోడుండేది అని. ఆ మాటలు వినడానికి బాగున్నాయి. ఆ అన్నం నిజంగా బాగుంది. ఏడాది తర్వాత నేను భయం లేకుండా తిన్న భోజనం అది.

చివరకు పాలలో ఉడికించి దాల్చినచెక్క చల్లిన బియ్యం వచ్చింది. "ఇది మన పరమాన్నమే గదా," అంది అత్త, మోసం బయటపెట్టిన దానిలా. దానికి జోడు నల్లగా, పాకంలా చిక్కగా ఉండే తీపి వైను. మామ ముఖం అప్పటికి వెలిగింది. "ఇదీ సరుకంటే," అన్నాడు.

పెద్ద గుమాస్తా గారు అంతవరకూ పెద్దగా మాట్లాడలేదు. ఆ తీపిది రెండో గ్లాసు అయ్యాక నా వైపు తిరిగి చేతులు జోడించారు.

"అమ్మా, నీకొక మాట చెప్పుకోవాల. ఏడాదిగా అనుకుంటా ఉండాను."

"చెప్పండి."

"నాకు కడుపులో పుండు తల్లీ. హోటలు కారం పడక అల్లాడతా ఉంటి. నీ సొరకాయ కూర, నీ పెసరపప్పు నన్ను నిలబెట్టినాయి. మంగళారం పులగం అయితే మా ఇంటామె చేసినట్టే ఉంటాది."

నాకు అర్థం కాలేదు. "ఇద్దరూ పంచుకుంటారా?" అన్నాను.

"పంచుకునేదేముండాది? క్యారియర్ మొత్తం నాదే గదా. ఆయనకు స్టేషను ముందర మిలిటరీ హోటలు కోడికూర లేంది ముద్ద దిగదు. వయసుండాది, తింటాడు. తిన్న గిన్నె కడక్కుండా ఇస్తే పాపమని నేనే కడిగి తుడిచి ఇస్తా. ఒక్కరోజన్నా జిడ్డుండినాదా, చెప్పు."

ఆయన మెప్పు కోసం అడుగుతున్నారు. నా జవాబు కోసం చూస్తున్నారు.

"లేదండీ," అన్నాను. "ఎప్పుడూ లేదు."

మా ఆయన ఆకు వైపు చూస్తున్నారు. మా అత్త చప్పున లేచి, "ఇంకొంచెం పాయసం ఏసుకోండన్నా," అంటూ గుమాస్తా గారి ఆకులో అడగకుండానే రెండు గరిటెలు వేసింది. ఆ తొందర చూశాకే ఆమెకు ముందే తెలుసని నాకు తెలిసింది. మరిదికి మాత్రం తెలియదు. అతను బోర్లించిన గ్లాసు వైపు చూసి, అన్న వైపు చూసి, చేతిలో ఉన్న సీసాకు బిరడా బిగించాడు.

గుమాస్తా గారిని పాకాల బస్సు ఎక్కించడానికి మగవాళ్ళు వెళ్ళాక, వంటింట్లో అత్త నా వైపు చూడకుండా గిన్నెలు సర్దింది.

"నీకెప్పటి నుంచి తెలుసత్తా?"

"దసరా ముందర్నుంచి. బిడ్డకు పాలిస్తా ఉంటివి. బెంగతో పాలు ఆరిపోతాయని చెప్పలే."

"మందు కూడానా?"

"శనివారం మాత్రం ముట్టడు," అంది. కొడుకును వెనకేసుకొచ్చేటప్పుడు కూడా అంత నిజాయితీగా చెప్పింది. తర్వాత నా భుజం మీద తడిచేయి వేసి, "నువ్వు పట్టినావు గదా. ఇంట్లో ఒకరు పట్టినా సాలు. సామి ఒప్పుకుంటాడులే," అంది.

మర్నాడు తొలి బస్సులో తిరుపతికి వచ్చాం. పాకాల దాటాక ఆయన కిటికీ వైపు తిరిగి అన్నారు.

"బిడ్డకు బాగైంది గదా. నేను తిన్నా బాగైంది. అంటే తప్పు లేనట్టే గదా."

"ఆసుపత్రిలో ముందన్నది మీరు."

"భయంతో అన్నా."

"నేనూ భయంతోనే అన్నాను. అన్నాక పట్టాను."

పాప నా ఒళ్ళో నిద్రపోతోంది. ఆయన చెప్పింది నిజమైతే నా పదిహేను నెలలూ ఉత్తవి. నిజం కాకపోతే, ఆ తప్పంతా పాప తల మీద ఎక్కడో కూడి ఉంది. రెండింటిలో ఏది కావాలో దేవుణ్ణి అడగడానికి కూడా నాకు తెలియడం లేదు. మాంసం తిన్నందుకు కాదు నాకు బాధ. తింటున్నానని ఒక్క మాట చెప్పి ఉంటే ఇద్దరి వంతూ నేనొక్కదాన్నే పట్టేదాన్ని. నా పక్కన ఒక మనిషి ఉన్నాడనుకుని సగం బరువే మోశాను. మిగతా సగం ఎవరూ మోయలేదు.

ఇప్పుడు రోజూ రాత్రి మూడుసార్లు లేచి పాప నుదురు తాకి చూస్తున్నాను. ధర్మామీటరు దిండు కింద పెట్టుకుంటున్నాను. ఈ రాతలూ అలా మెలకువగా ఉన్నప్పుడు రాస్తున్నవే. కొండకు వెళ్ళే రోజు మార్చలేదు. ఇంకా తొమ్మిది రోజులుంది.

బస్సు దిగి వచ్చిన ఆ రోజు ఆయన ఆఫీసుకు సెలవు పెట్టారు. మంగళవారం పొద్దున ఎప్పటిలాగే లేచి పులగం వండాను. క్యారియర్ ఆయన చేతికిచ్చి, "పెద్దాయనకివ్వండి," అన్నాను. ఆయన తీసుకుని వెళ్ళారు.

సాయంత్రం క్యారియర్ కడగకుండా వచ్చింది. మూత తీస్తే పులగం అంచులకు ఎండిపోయి ఉంది, పచ్చడి గిన్నెలో నూనె మరక అట్లాగే ఉంది. ఆయన గట్టు మీద దాన్ని నాకు కనబడేలా పెట్టారు.

"ఈ పొద్దు నేనే తిన్నా," అన్నారు. "ఇంక కొండకు పోయే దాకా నేనే తింటా."

ఆయన తిని ఉంటారు. లేదంటే పెద్దాయనను కడగొద్దని చెప్పి తెచ్చి ఉంటారు. గిన్నె వైపు ఎంతసేపు చూసినా నాకు తేలలేదు. మొక్కుకు ముందైతే, కడిగినా కడగకపోయినా గిన్నె గిన్నెలాగే కనబడేది.

"మరి పెద్దాయన ఏం తిన్నాడు?" అని అడిగాను.

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు. నేను మూడు గిన్నెలూ విడదీసి నీళ్ళు పోసి నానబెట్టాను.