గోలెంలో కాపురమున్న పాము

పాముకు ఇల్లు వెతికే పని నాకు ఆరో నెలలో పడింది. అప్పట్లో మేము పాల్వంచలో, థర్మల్ కాలనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. మా ఆయనకు బాయిలర్ దగ్గర షిఫ్టు డ్యూటీ. అంతకుముందు రెండుసార్లు నాకు కడుపు నిలవలేదు. ఈసారి నన్ను కాలు కింద పెట్టనివ్వకూడదని మా అత్తమ్మ మిరప చేలను పాలేరుకు అప్పజెప్పి, కల్లూరు నుంచి మూటాముల్లెతో వచ్చి కూర్చుంది.

మా ఆయన ఊరికే కూర్చోలేని మనిషి. రాత్రంతా డ్యూటీ చేసొచ్చి కూడా పడుకోకుండా, పెరట్లో బెండ గింజలకు మడి తవ్వుతానని పార పట్టుకున్నాడు. నేను గుమ్మంలో కూర్చుని కూరాకు ఏరుతున్నాను. పార ఒకచోట మెత్తగా దిగింది. ఆయన ముఖం చూసి లేచాను. ఎర్రమట్టి రంగు పాము, మణికట్టంత లావు, తోక కూడా తల మాదిరే మొద్దుగా ఉంది. రెండు తలల పాము అంటారు గానీ పాపం దానికుండేది ఒక్క తలే. విషమూ లేదు, కోపమూ లేదు. పార అంచు తోక దగ్గర లోతుగా కోసుకుపోయింది.

ఇంట్లో ఆడది కడుపుతో ఉంటే మొగుడు పాము మీద చెయ్యెత్తకూడదని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. చంపితే ఆ దెబ్బ కడుపులో బిడ్డకు తగులుతుందంటారు. నేను డిగ్రీ చదివినదాన్ని, ఇలాంటివి నమ్మనని పెళ్లికి ముందు చాలామందితో జగడం పెట్టుకున్నాను కూడా. రెండుసార్లు పోగొట్టుకున్నాక జగడమాడే ఓపిక పోయింది. తోక నుంచి కారుతున్న నెత్తురు చూడగానే నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్లింది.

"ఏం పని జేసినవ్‌రా!" అని అత్తమ్మ లోపలి నుంచే అరిచింది. గడప దాటలేదు. పామంటే ఆవిడకు ప్రాణభయం, వానపామును చూసినా మంచమెక్కుతుంది. "చచ్చిందా?"

"లేదమ్మా, కదులుతుంది. అడివిల ఇడిసిపెట్టొస్త."

"గట్ల ఇడిస్తే గద్దలు ఊకుంటయా? ఆ పుండుతోని రెండు దినాలు బతకది. అప్పుడు నీ చేతుల చచ్చినట్టే గదా. పుండు మానాలె, పిల్లకు కాన్పు గావాలె. గప్పటిదాక ఇంట్లనే ఉంచు."

అలా పాము మా ఇంట్లో మనిషైంది. మనిషన్నాక ఇల్లు కావాలి.

మొదటి ఇల్లు కోళ్ల గంప. పొద్దున దాని కింద మూసి పైన రాయి పెడితే, మధ్యాహ్నానికి పాము బట్టలుతికే బండ కింద తేలింది. మట్టిలో దూరి బతికే జీవిని మట్టి మీద గంప బోర్లించి ఆపాలనుకున్నాం. ఆ తెలివి మా ఆయనదే. రెండో ఇల్లు నా పెళ్లినాటి ట్రంకుపెట్టె. ఇవ్వనంటే ఇవ్వనని భీష్మించాను. చివరికి నా చీరలు నేనే తీసి పక్కన పెట్టి ఇచ్చాను. మూతకు మేకుతో బొక్కలు కూడా పొడిచారు. వేసవి ముదిరేసరికి ఆ రేకు తాకితే చెయ్యి చురుక్కుమనేది, ఇక లోపల దాని గతి ఏమిటి? తీసి నీడలో తడిగుడ్డ మీద వేస్తే చాలాసేపటికి తేరుకుంది. పక్క క్వార్టర్ ఆవిడ కూరలు పెట్టుకునే జాలీ బీరువా ఇస్తానంది. ఆ వెనక క్వార్టర్ వాళ్లు నూనె డబ్బా తెచ్చారు. ఇది పొడుగు చాలదు, అది గాలి ఆడదు అని తల్లీకొడుకులు వంకలు పెడుతుంటే నాకు ఒళ్లు మండింది.

"పాముకు ఇన్ని సంబంధాలు చూస్తున్నారు. నాకు మీదొక్కటే చూశారు మావాళ్లు" అన్నాను.

చివరికి కుదిరింది గోలెం. మాకంటే ముందున్నవాళ్లు దొంగచాటుగా గేదెను కట్టుకుని, పోతూ పోతూ వదిలేసిన సిమెంటు కుడితి గోలెం పెరటి మూలన వేపచెట్టు కింద ఉండేది. లోతుగా, చల్లగా, పాకి ఎక్కడానికి వీల్లేనంత నున్నగా ఉంది. పాత కిటికీ జాలీ మూతయింది, దాని మీద పొత్రం బరువైంది. ఇక లోపల దూరడానికి మెత్తటి ఇసుక కావాలి. ఇసుకకు కిన్నెరసాని వాగు దాకా పోవాలి. మా కాలనీలో చెయ్యి చాపితే దొరికేది కరెంటు ప్లాంటు నుంచి వచ్చే బొగ్గు బూడిద. గుంత పూడ్చాలన్నా, అరుగు కింద నింపాలన్నా, అంట్లు తోమాలన్నా మాకు బూడిదే. ఆరేసిన బట్టల మీద కూడా అదే. ఇసుకకంటే సన్నం, పట్టులా ఉంటుందని మా ఆయన బస్తాలకొద్దీ తెచ్చి గోలెం నింపాడు. పాము అందులోకి వెన్నలోకి వేలు దిగినట్టు దిగిపోయింది. ముగ్గురం మురిసిపోయాం. ఆ పూట అత్తమ్మ పాయసం కూడా చేసింది.

తర్వాత అది పైకి రావడం తగ్గించింది. బోనులో పడ్డ ఎలుకను వేసినా పట్టించుకోలేదు. ఒకరోజు మా ఆయన డ్యూటీకి పోయాక నేను జాలీ తీసి కర్రతో బూడిద కదిపాను. పాము తగిలింది. ఎంత కదిపితే అంతే కదిలింది, తనకై తాను కదల్లేదు. నోటి నిండా, ముక్కు నిండా బూడిద గట్టిపడి ఉంది. కర్ర అక్కడే పడేసి అత్తమ్మను కేకేశాను. అప్పుడు అత్తమ్మ గడప దాటింది.

"నువ్వు లోపలికి పో. పో అంటున్న గదా."

లోపల మంచం మీద కూర్చుంటే నల్లా నీళ్ల చప్పుడు వినిపించింది. చాలాసేపు పారింది. తర్వాత ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"పానం ఉంది. బూడిద మింగింది, గంతే. మా ఊళ్లె పసరు పోసేటోళ్లున్నరు, తీస్కపోత."

"నిజంగా ఉందా అత్తమ్మా?"

"లేకుంటే బస్సెక్కించుకొని ఎందుకు తిరుగుత?"

మా ఆయన తను వస్తానంటే వద్దంది. కొట్టిన చెయ్యి మందు దగ్గర ఉండకూడదట. మూత ఉన్న వెదురుబుట్టను పాతచీరలో మూటగట్టి, వానపాముకు మంచమెక్కే మనిషి ఆ మూటను ఒళ్లో పెట్టుకుని, దారిలో బస్సు మారి కల్లూరు వెళ్లింది. ఆవిడ తిరిగొచ్చేదాకా నాకు అన్నం గొంతు దిగలేదు. బిడ్డ కాసేపు కదలకపోతే పొట్టను తట్టి లేపేదాన్ని. మా ఆయన ముఖం చూడబుద్ధయ్యేది కాదు. ఆయనా నా ముఖం చూడకుండానే తిరిగాడు.

ఆవిడ బస్టాండు నుంచి దుమ్ముకొట్టుకుని వచ్చి మూట విప్పింది. మూత తీయగానే, తోకకు పసుపు ముద్ద మెత్తి ఉన్న పాము నాలుక ఆడించింది. అమ్మయ్య! నేను వెక్కివెక్కి ఏడ్చాను. బిడ్డ కడుపులో ఒక్క తన్ను తన్నింది. ఆ రోజు ఎంత అన్నం తిన్నానో, ఎంతసేపు నిద్రపోయానో చెబితే దిష్టి తగులుతుంది.

గోలెంలో బూడిదంతా ఎత్తిపోసి, కిన్నెరసాని ఇసుక నింపి, ఒక మూల తడిచేసి, మరో మూల పెంకులు పేర్చాం. అత్తమ్మ రోజూ దాని తోకకు పసుపు ముద్ద మెత్తేది. మొదట్లో కర్రకు గుడ్డ చుట్టి దూరం నుంచి, తర్వాత చేత్తోనే. పుండు చూస్తానంటే "తడమకు, గాలి తగులొద్దు" అనేది. "కడుపుతో ఉన్న నాకంటే దానికే పథ్యం ఎక్కువైంది" అని నేను ఏడిపించేదాన్ని. పాము తిన్నది, కుబుసం విడిచింది, ఒళ్లు చేసింది. వానలు పడుతుండగా నాకు దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే వార్డంతా వినపడేలా ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేను మళ్లీ వినలేదు.

పిల్లకు మూడో నెల వచ్చాక పామును వదలాలన్నాం. కొట్టిన చెయ్యి కనపడొద్దని అత్తమ్మ కొడుకును డ్యూటీకి తరిమింది. మేమిద్దరం, పిల్ల, బుట్ట. బస్సు దిగి కిన్నెరసాని ఒడ్డుకు నడిచాం. ఆవిడ బుట్టను తడి ఇసుక మీద వంచింది. పాము బద్ధకంగా జారి, నీటి అంచున పాకింది. చిన్న అల ఒకటి వచ్చి తోక మీద పసుపు కడిగేసింది.

తోక మీద గీత లేదు. మానిన మచ్చ కూడా లేదు. నున్నగా, పుట్టినప్పుడు ఎలా ఉందో అలా ఉంది. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆవిడ పొదల వైపు చూస్తోంది.

"అదెప్పుడు పోయింది?" అన్నాను.

"నువ్వు జూసిన నాడే. మన మిరప చెలక కాడ పూడ్చిపెట్టిన."

"మరి ఇది?"

"పాలేరు పట్టుకొచ్చిండు. మొదలు ఒకటి తెచ్చిండు, గది సన్నగుంది. వద్దు, గంత లావుదే గావాలన్న." ఖాళీ బుట్టను దులుపుతూ, "నా కొడుక్కు చెప్పకు. బూడిద తెచ్చింది వాడే గదా, కుములుతడు" అంది.

"మీకు భయం కాలేదా?"

"కాకేంది? నీ కాన్పయ్యేదాక కన్ను మూతపడలే. ఇంట్ల ఒక్కలన్న నిద్ర పోవాలె గదా, నువ్వు పోతివి."

పాము చస్తే బిడ్డకు తగులుతుందన్న మాటను నాకంటే ఎక్కువగా నమ్మిన మనిషి ఆవిడే. పాము చచ్చిందని తెలిసీ, నా పొట్ట వైపు చూస్తూ అన్ని నెలలు ఆవిడొక్కతే ఆ భయాన్ని మోసింది. పాము ఇసుకలో తల దూర్చి, మెల్లగా ఒళ్లంతా దూర్చి, కనపడకుండా పోయింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు ఆవిడకిచ్చి, పిల్లను ఆవిడ ఒళ్లో పెట్టాను. బస్సు కదిలీ కదలకముందే ఆవిడ తల నా భుజం మీద వాలింది, చిన్నగా గురక కూడా మొదలైంది. మా స్టాపు వచ్చినా లేపబుద్ధి కాలేదు. ఇంకో టికెట్ తీసుకుని తర్వాతి ఊరి దాకా వెళ్లాం.