కనకరాజు కప్పు పరీక్ష

కనకరాజుకు ఒకటే పిచ్చి. ఏ గదిలో అడుగుపెట్టాలన్నా ముందు దాని పైకప్పును కర్రతో కొట్టి, ఆ చప్పుడు విని గానీ లోపలికి పోడు. బొగ్గుబాయిలో కూలీల మీద సర్దారుగా ఉన్నన్నాళ్లూ ఆయన పని అదే. కప్పు గట్టిగా మోగితే కూలీలను పంపాలి, డొల్లగా మోగితే ఆపాలి. రిటైరై నాచారంలో ఇల్లు కట్టుకున్నా ఆ చెయ్యి ఊరుకోలేదు.

ఉప్పల్‌లో గృహప్రవేశానికి పిలిస్తే అయ్యగారికంటే ముందు ఈయన కర్ర లోపలికి వెళ్లింది. నాగోల్‌లో పెళ్లిచూపులకు తీసుకెళ్తే పిల్లను ఎవరూ సరిగ్గా చూడలేదు, అందరూ కప్పు వంకే చూశారు. ఏఎస్ రావు నగర్ చీరల దుకాణంలో కప్పు డొల్లగా మోగేసరికి, బేరంలో ఉన్న ఆడవాళ్లందరినీ రోడ్డెక్కించాడు.

"అది ఫాల్స్ సీలింగ్ తాతా!" అని సేల్స్ పిల్ల మొత్తుకుంది.

"ఏ సీలింగైతే ఏంది బిడ్డా? డొల్ల డొల్లనే!"

భార్య తారామణికి మండేది కర్రను చూసి కాదు. ఏ గుమ్మం దగ్గరైనా చెయ్యి అడ్డంపెట్టి, ఆమెను వెనక నిలబెట్టి, తానే ముందు పోతాడు. "మగమహారాజు" అని పెళ్లయినప్పటి నుంచీ ఆమె గొణుగుతూనే ఉంది.

ఆ ఏడు గని కార్మికుల భద్రత చట్టాన్ని గట్టిచేస్తాం, సలహాలు చెప్పండి అని అధికారులు ఉప్పల్‌లో ఒక మేడమీది హాల్లో సభ పెట్టారు. తారామణి తమ్ముడు బాలరాజు అప్పటికి పనిలేక కూర్చున్నాడు. బాయిలో కాంట్రాక్టు కూలీ. కప్పు బాగాలేదు, లోపలికి పోనన్నందుకు రేపటి నుంచి రావద్దన్నారు. బావ సభలో చెబితే ఆ సంగతి చట్టందాకా పోతుందని అతని ఆశ.

"కర్ర ఇంట్లనే పెట్టు," అంది తారామణి. "గాడ కొట్టినవంటే నోరు తెరవకముందే ఎల్లగొడ్తరు. నా తమ్ముని బతుకు ఆగం జెయ్యకు."

"కర్ర ముట్టను, సరేనా?"

ముట్టలేదు. గొడుగు తీసుకున్నాడు.

ముగ్గురూ వెళ్లేసరికి హాలు నిండిపోయింది. కనకరాజు తారామణిని గుమ్మం దగ్గర ఆపి, తాను లోపలికి పోయి, కుర్చీ ఎక్కి గొడుగు ఎత్తాడు. టక్ టక్. డొల్ల!

"లెవ్వున్రి! బయటికి నడువున్రి! కప్పు బాగలేదు!"

అది గనిలో ఆరితేరిన గొంతు. ఎందుకని అడిగినవాడు లేడు. పెద్ద అధికారి టీ గ్లాసు బల్లమీదే వదిలేసి మెట్లు దిగాడు. కనకరాజు మాత్రం ఆ డొల్ల కప్పు కిందే నిలబడి ఒక్కొక్కరినీ తోసి పంపించాడు. చివరి మనిషి గుమ్మం దాటాక గానీ కదల్లేదు. అది చూశాక తారామణికి ఇన్నేళ్ల కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు.

ఇంతలో హాలు మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏంది తాతా! అది ఫాల్స్ సీలింగ్! పైన స్లాబు మస్తు గట్టిగున్నది!"

"సభంతా పాడుచేశారు కదండీ!" అన్నాడు అధికారి. "ఇంతకీ మీరు చెప్పొచ్చిందేమిటి?"

బాలరాజు తల పట్టుకున్నాడు. కనకరాజు గొడుగు చంకన పెట్టుకున్నాడు.

"తప్పు నాదే సార్. గాని నేను కప్పు బాగలేదంటే మీరందరు బయటికొచ్చిన్రు. మీ నౌకరి ఎవరన్న తీసేసిన్రా? చాయ్ సల్లారింది, గంతే. బాయిల కూలోడు గదే మాటంటే రేపటిసంది రావద్దంటున్రు. వాని అంచనా తప్పయినా సరే, వాని పని పోవద్దు. కాంట్రాక్టు కూలోనిది గూడ. గదొక్కటి రాయున్రి."

అధికారి పెన్ను తీసి ఆ మాట రాసుకున్నాడు. అది ఢిల్లీ చేరి ఏమవుతుందో చెప్పలేం గానీ, బాలరాజును పక్కకు పిలిచి, "ఏ బాయి? ఎవరు రావద్దన్నారు?" అని మాత్రం గట్టిగానే అడిగాడు.

ఇంటికొచ్చాక కనకరాజు గుమ్మం దగ్గర అలవాటుగా చెయ్యి అడ్డంపెట్టాడు. తారామణి ఆ చెయ్యి తీసేసి, గొడుగు గుంజుకుని, తానే ముందు లోపలికి నడిచింది. మునివేళ్ల మీద లేచి టక్ టక్ కొట్టింది.

"మగోన్నని ముందు నడుస్తున్నవనుకున్న ఇన్నొద్దులు," అంది. "మంచిగనే ఉన్నది. ఇగ రా."

కనకరాజు గడప దాటలేదు.

"జర ఆ మూల గూడ కొట్టు," అన్నాడు.