తప్పు జవాబు

కర్నూల్లో ఒక అద్దెగదిలో ఒంటరిగా ఉంటూ, పిల్లలు ఇంటర్నెట్‌లో ఆడుకునే లెక్కల ఆటలు తయారుచేసేదాన్ని. సరైన జవాబు నొక్కితే తెర మీద బుడగ టప్పున పగిలి తర్వాతి లెక్క వస్తుంది. తప్పు నొక్కితే "పర్వాలేదు బంగారూ, ఇంకోసారి చూద్దాం" అని ఒక గొంతు పలుకుతుంది. ఆ గొంతు నాదే.

ఒక మధ్యాహ్నం కోడుమూరు నుంచి వస్తుంటే, బస్సులో పక్కన కూర్చున్న నేతగాడి చీరల మూట జారి నా కాళ్ళ మీద పడింది. పాపం, కంగారుపడిపోయాడు.

"పర్వాలేదు, పర్వాలేదు" అన్నాను.

ఆయన మూట అందుకోవడం మరచి నా ముఖంలోకి చూశాడు.

"మా పాప నెట్ సెంటర్లో లెక్కల ఆట ఆడతాదమ్మా. దాంట్లో ఒకామె అచ్చం నీ మాదిరే అంటాది."

"పాపకు లెక్కలు బాగా వస్తాయా?"

"శానా బాగొస్తాయి. అయినా కావాలనే తప్పు నొక్కుతాది. ఎందుకు పాపా అంటే, తప్పు నొక్కితేనే కదా నాయనా ఆయమ్మ మాట్లాడేది అంటాది." మూటను ఒళ్ళోకి లాక్కుని కిటికీ వైపు తిరిగాడు. "వాళ్ళమ్మ లేదు. నేను మగ్గం గుంతలో దిగితే మళ్ళ లేసేది పొద్దు మునిగినాకనే. ఇంగ ఆ బిడ్డతో మాట్లాడేవాళ్ళు యాడుండారు?"

ఆ గొంతు నాదేనని చెప్పాలనుకున్నాను. కర్నూలు బస్టాండులో ఆయన మూట నెత్తికెత్తుకుని జనంలో కలిసిపోయాడు.

తాళం తీసి గదిలోకి వెళ్తే, పొద్దున తాగి వదిలేసిన టీ గ్లాసు అక్కడే ఉంది. కంప్యూటర్ ఆన్ చేసి ఆట తెరిచాను. రెండూ రెండూ ఎంత అని అడిగింది.

ఐదు నొక్కాను.