మామయ్య చేప నీళ్లు

మా మామయ్య గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటే మనిషి వంగి కూర్చోవడానికి కూడా జంకుతాడు. ఆయన గంజికి అంత పేరు. అది కుదిరిందో లేదో కంటితో చూడడు, గరిటెతో చూడడు. గిన్నెలో చెయ్యి ముంచి, వేళ్ల మధ్య రాసి, "ఊఁ, కుదిరింది" అంటాడు. ఆ "ఊఁ" వినిపించేదాకా ఆయన ఇస్త్రీ కొట్లో పని కదలదు.

అలాంటి మనిషికి సముద్రపు చేపను పెంచాలని బుద్ధి పుట్టింది. కొట్టు వెనక గదిలో గాజు తొట్టె, అందులో తెల్ల చారల నారింజరంగు చేప. పిల్లలు లేని ఇల్లు కదా, దాన్ని "అమ్మాయి" అని పిలిచేవాడు. గాజు మీద ఆయన వేలు ఎటు జరిగితే అది అటే ఈదేది.

చిక్కల్లా నీళ్లతోనే. వడగట్టిన నీళ్లలో సముద్రపు ఉప్పు పొడి కలిపి, తొట్టెలో నీళ్లు అప్పుడప్పుడూ కొంత మార్చాలి. కలిపిన కొత్తలో తెల్లగా ఉన్నా, కాసేపటికి తేటపడాలి. మామయ్య బకెట్ మాత్రం మర్నాటికీ బార్లీ నీళ్లలాగే ఉండేది. "అదే తేరుకుంటుందిలే" అని అలాగే తొట్టెలో పోసేశాడు. అమ్మాయి తిండి మానేసి మూలకు చేరింది. తేట నీళ్లు పడకపోతే దక్కదని చేపల కొట్టతను తేల్చేశాడు.

ఇక దర్యాప్తు మొదలైంది. ఉప్పుదే తప్పన్నాడు, కొత్త సంచి వచ్చింది. వడపోత గొట్టాన్ని దొంగను చేశాడు, అదీ మారింది. నీళ్ల తెలుపు మాత్రం మారలేదు. చివరికి అత్తయ్య మీద పడ్డాడు.

"బకెట్ సబ్బుతో కడిగావు కదూ?"

"నేను ముట్టుకుంటే ఒట్టు! అన్నీ ఒకేసారి మార్చేస్తే తప్పెక్కడుందో ఎలా తెలుస్తుందండీ? ఒక్కోటి మార్చి చూడండి."

"నాకే చెప్పొచ్చావా!"

అత్తయ్య మాట వింటే ఆయన మా మామయ్య ఎందుకవుతాడు? ఆ విసురులో ఇస్త్రీపెట్టె తగిలి కుడిచెయ్యి కాల్చుకున్నాడు. కట్టు కట్టించుకుని వచ్చి, ఎడమచేత్తోనే గంజి పని కానిచ్చాడు. ఉప్పునీళ్లు అత్తయ్య కలిపింది. అదే ఉప్పు, అదే గొట్టం, అదే బకెట్. మామయ్య కుర్చీలో కూర్చుని వంకలు పెట్టాడు. సాయంత్రానికి బకెట్ అడుగు అద్దంలా కనిపించింది.

"చూశావా, కొత్త ఉప్పు!" అన్నాడు.

"మరి ఇదే ఉప్పు నిన్న మీ చేతిలో ఎందుకు తేటపడలేదు?" అంటూ అత్తయ్య గ్లాసుడు నీళ్లు ముంచి ముందు పెట్టింది. "ఎప్పుడూ చూసినట్టే కుదిరాయో లేదో చూడండి."

మామయ్య ఎడమచేతి వేళ్లు ముంచి, రాసి, "ఊఁ, కుదిరింది" అన్నాడు. గోళ్ల సందుల్లో ఎండిన గంజి నాని, ఆయన కళ్లముందే గ్లాసు తెల్లబడింది. ప్రతి బకెట్‌లోనూ మోచేతిదాకా మునిగింది ఆ చేతులే.

నేను పకపకా నవ్వాను. మామయ్య నవ్వలేదు.

"అయితే అమ్మాయికి తిండి మాన్పించింది నా చెయ్యేనా?" అన్నాడు మెల్లగా. నా నవ్వు ఆగిపోయింది. అంత జాలి ఆయన మీద నాకెప్పుడూ కలగలేదు.

తొట్టెలో నీళ్లు అత్తయ్యే మార్చింది. తర్వాతా ఆమే మారుస్తూ వచ్చింది. మామయ్య తడి తగిలే దూరంలోకి కూడా రాలేదు. అమ్మాయి మళ్లీ మేత అందుకున్న రోజు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా తొట్టె ముందు నిలబడ్డాడు. గాజు మీద వేలు పెట్టడానికి కూడా ధైర్యం చాల్లేదు. ముక్కు ఆనించాడు.

అమ్మాయి మేత వదిలేసి ఆ ముక్కు దగ్గరికి వచ్చింది.