ఖాళీ లేదండి

జహీరాబాద్ నుంచి రోజూ షేర్ ఆటోలో వెళ్లి పాఠాలు చెప్పే మా బడిలో టీచరు పోస్టులు రెండు. ఉండేది నేనొక్కదాన్నే. రెండో పోస్టులోని సారును డిప్యుటేషన్ మీద టౌన్లోని బడికి పంపారు. ఆయన పేరు మాత్రం మా రిజిస్టరులోనే ఉంది. ఐదు తరగతులూ నా నెత్తినే.

మధ్యాహ్న భోజనం వండే అమ్మ కూతురు మూడో తరగతి. ఇంకా కూడబలుక్కునే చదువుతుంది. "టీచరమ్మా, ఓ అర్జీ రాసియ్యున్రి, ఎమ్మెల్యే సారుకిస్తం" అని ఆ తల్లి పోరు పెడితే నేనే రాసిచ్చాను. తోటి ఉద్యోగి మీద ఫిర్యాదులా ఉండకూడదని, రేపు నా మీదికి రాకూడదని, 'సారు రావడం లేదు' అనకుండా 'ఒక పోస్టు ఖాళీగా ఉంది' అని రాశాను. ఎంత తెలివో చూడండి!

ఆ అర్జీ కాస్తా అసెంబ్లీలో ప్రశ్నయి కూర్చుంది. ఒకరోజు పొద్దున నేనింకా ఆటోలో ఉండగానే మండల విద్యాశాఖ ఆఫీసు క్లర్కు ఫోను.

"మేడం, మంత్రిగారు జవాబు చెప్పాల్నట. మీ బడిల పోస్టు ఖాళీ ఉన్నదా? గంటలోపల రాసి పంపున్రి."

అర్జీ రాసింది నేనేనని తెలిసిపోయిందా? మెమో ఇస్తారా?

"ఖాళీ అయితే లేదు, పేరు రిజిస్టరులనే ఉన్నది గని, ఆ సారు..."

"జర ఆగున్రి మేడం. సారు సంగతి వాళ్లడగలే. ఖాళీ ఉన్నదా అనడిగిన్రు. లేదు కద? లేదని రాయున్రి, అయిపాయె."

బడికి చేరగానే రాశాను. సిగ్గులేకుండా కింద సంతకం కూడా పెట్టాను.

జవాబు వచ్చే రోజు వంటమ్మ పొయ్యి ఆర్పేసి వచ్చి నా పక్కన కూర్చుంది. పిల్లలను ఎక్కాలు చదువుకోమని, ఫోన్‌లో అసెంబ్లీ పెట్టాను. మా ప్రశ్న నంబరు పిలిచారు. ఖాళీ ఉన్న మాట నిజమేనా అన్నదానికి మంత్రిగారు కాగితం చూసి, "లేదండి" అన్నారు. ఎప్పటిలోగా నింపుతారు అన్నదానికి, "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అన్నారు. పట్టుమని నిమిషం కూడా పట్టలేదు. తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

"ఏమన్నడు టీచరమ్మా? సారును పంపుతడటనా?"

"మన బడిల ఖాళీ లేదట."

"గట్లెట్ల అంటడు? ఆయనకెవలు చెప్పిన్రు?"

అబద్ధం ఆడదామనే అనుకున్నాను. నోరు రాలేదు.

"నేనే చెప్పిన. అర్జీల తప్పు రాసింది గూడ నేనే."

ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి వెళ్లి కూతురి నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది.

"మళ్ల రాయున్రి. సారు వస్తలేడనే రాయున్రి."

"ఈసారి నేనే రాసిననని తెలిసిపోతదమ్మా."

"తెల్వనియ్యున్రి. ఈడ మీరొక్కరే ఉన్నరని గూడ తెలుస్తది."

పెన్ను తీశాను. 'సారు రావడం లేదు' అని మొదలుపెట్టాను.