స్టేడియంల దొరికిన మేకులు

టెంటు కనవడితె ఇప్పటికీ నేను కింద సూసుకుంట నడుస్త.

ఒకనాడు సంగారెడ్డి బస్సుల నా పక్కన ఒకామె కూసుంది. ఒళ్లె సంచి నిండ మేకులు.

"ఏందమ్మా ఇవి?"

"స్టేడియంల దొరికినయి. మా బిడ్డ పరుగు పోటీలకు అండ్లనే ఉరుకుతది. టెంట్లు పీకినంక నేను పోయి మ్యాగ్నెట్ తోటి ఏరుత. గీ పొడుగుయి మీటింగులయి, సన్నయి ఎగ్జిబిషన్‌యి, వంకరయి పెండ్లిండ్లయి."

"ఎవలకన్న చెప్పలేదా?"

"చెప్పిన. సరే అంటరు."

బస్సు స్టేడియం ముంగట ఆగింది. టెంటు గుంజల లారీ గేట్లకెల్లి లోపలికి పోతున్నది. అది సూసి ఆమె కొంగు ముడి గట్టిగ పట్టుకున్నది.

"అండ్ల ఏమున్నదమ్మా?" అని అడిగిన.

ముడి విప్పింది. ఒక్కటే మేకు.

"ఇది నాకు దొరకలే. బిడ్డ కాలికి దొరికింది."