నేను పెట్టించిన కొబ్బరి లౌజు

కొన్నేళ్లుగా ఈ మాట మనసులోనే మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, బడిలో చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అమలాపురం దగ్గర ఒక హైస్కూల్లో టీచర్ని. ఆ ఏడాది బడుల్లో ఒక ప్రభుత్వ కార్యక్రమం వచ్చింది: తొమ్మిదో తరగతి పిల్లలే ఒక చిన్న వ్యాపారం పెట్టి నడపాలి, నేను దగ్గరుండి నేర్పాలి. మా తరగతి పిల్లలు కొబ్బరి లౌజు ఎంచుకున్నారు. ముందుండి నడిపింది సువార్త. వాళ్లమ్మ మా బడిలోనే మధ్యాహ్న భోజనం వండేది. ఆమె దగ్గరే పాకం నేర్చుకుంది. పెద్దయ్యాక మిఠాయి కొట్టు పెడతానంటే ఎంత మురిసిపోయానో.

చూడ్డానికి వస్తామన్న అధికారులు ఆ రోజు రాలేదు. చేసిన లౌజంతా ఉక్కలో, మూతపెట్టిన డబ్బాల్లో ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే సువార్త వచ్చింది.

"వాసన మారిందండీ మేడమ్. పారేసి మళ్ళీ చేసేత్తామండీ."

"వాళ్లు వచ్చేస్తున్నారమ్మా, టైం లేదు. పైకి బాగానే ఉంది, పెట్టెయ్యండి."

"ఆయ్" అంది, తల దించుకుని.

అధికారులు ఫొటోలు దిగి వెళ్లిపోయారు. లౌజు తిన్నది పిల్లలు. సాయంత్రానికి వాంతులు. ఆరో తరగతి పాపనైతే ఆసుపత్రిలో చేర్చారు. కోలుకుంది, కానీ మర్నాడు తల్లిదండ్రులు బడి మీదికొచ్చారు. వాళ్ల చేతి తిండి మా పిల్లలకెందుకు పెట్టారని ఒకాయన అడిగాడు. సువార్త వాళ్లది పేటలోని క్రైస్తవ కుటుంబం. తాతలు మావాళ్ల చేలల్లో కూలికి వచ్చినవాళ్లు. అడిగినాయన మా బంధువే.

ఇది ఎవరు చూసుకున్నారని హెడ్మాస్టరు గారు అడిగారు. సువార్త నా వైపు చూసింది. పిల్లలే చేశారని, నేను గమనించలేదని చెప్పాను.

ఉద్యోగానికి భయపడ్డానా? కొంత అదే. కానీ నింద మా ఇంటి పిల్ల మీద పడి ఉంటే, మా బంధువుల మధ్య నిలబడి అలా ఊరుకునేదాన్నా అని నన్ను నేను ప్రశ్నించుకున్నప్పుడల్లా వచ్చే జవాబు నాకు తెలుసు. ఆ పిల్ల నా మాట కాదనలేదు. వారం తిరక్కుండా ఆ వంకతోనే వాళ్లమ్మని వంటపనిలోంచి తీసేశారు. అప్పుడూ నేను నిజం చెప్పలేదు.

మొన్న బస్సులో సువార్త కనిపించింది. బట్టల కొట్లో పనిచేస్తోందట. లేచి నాకు సీటిచ్చింది. వాళ్లమ్మ ఎలా ఉందని కూడా అడగలేకపోయాను.

లౌజు పాడైందని ఆ పిల్ల ముందే చెప్పింది. పెట్టించింది నేను. ఇలా రాసినందువల్ల ఆ తల్లికి పని తిరిగిరాదు, ఆ కూతురు నన్ను క్షమించాల్సిన పనీ లేదు. అయినా ఇవాళ మొదటిసారి జరిగింది జరిగినట్టు చెప్పాను. గుండె కాస్త తేలికపడింది. అందుకూ సిగ్గుగానే ఉంది.